కొత్త రంగు వేసిన పాత ఇల్లు

మా బావ గోడలకు రంగులు వేస్తాడు. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసిన ఇల్లు మళ్లీ తళతళలాడాలంటే వీధిలో ఓనర్లందరికీ ఆయనే కావాలి. గోడ నిమిరి లోపల చెమ్మ ఎంత దూరం పాకిందో చెప్పేస్తాడు. ఎదుటి మనిషి మనసులో ఏముందో మాత్రం మొహం మీదే చెప్పినా అర్థం కాదు.

ఆ రంగుల ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో అందరికీ తెలుసు. దిగేటప్పుడు కట్టిన అడ్వాన్సు వెళ్లేటప్పుడు తిరిగివ్వాలి. ఇస్తారు, రంగుల కింద రెండు నెలల అద్దె పట్టుకుని. గోడ మాసిందా లేదా అని చూసే నాథుడు లేడు.

అక్కకు మోకాళ్లు అరిగిపోయాయి. వాళ్లుండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. కూరల సంచితో ప్రతి మలుపులోనూ కూలబడి లేచేది. అందుకే బావ వెనక వీధిలో కింద వాటా ఒకటి మాట్లాడాడు. పాత అడ్వాన్సు మొత్తం చేతికొస్తే అక్కడ సరిగ్గా సరిపోతుంది. ఆదివారంలోగా కట్టాలి.

అప్పుడు పుట్టింది బావకు అతితెలివి. పట్టుకోవడానికి ఓనరుకు సాకే లేకుండా చేద్దామని తన ఇంటికి తనే రంగు వేశాడు. వేసేవాడు పైపైన పూసి ఊరుకోవచ్చు కదా! మేకుల కన్నాలన్నీ లప్పంతో పూడ్చి, ఉప్పుకాగితంతో రుద్ది, ఖరీదైన రంగు రెండు పూతలు వేశాడు. వదిలిపోయే ఇంటికి ఇంత సోకెందుకని అడిగాను.

"ఇన్నేళ్లూ ఊరందరికీ వేశాను. మన ఇంటికి ఒక్కసారైనా వేసుకోవద్దా?" అన్నాడు.

తాళాలిచ్చే రోజు నేనూ వెంట వెళ్లాను. ఓనరు గదులన్నీ తిరిగి, గోడ మీద చెయ్యి వేసి, బాగుందన్నాడు. తర్వాత రెండు నెలల అద్దె తీసేసుకుని మిగతాది చేతిలో పెట్టాడు.

"రంగు నేనే వేశాను కదండీ," అన్నాడు బావ.

"నిన్ను వెయ్యమని నేనడిగానా? అందరి దగ్గరా పట్టుకునేదే. ఆ డబ్బుతోనే కదయ్యా ఇన్నాళ్లూ నీకు కూలి ఇచ్చింది."

బావ ఆ నోట్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తెలిసినవాళ్ల గుమ్మాలన్నీ ఎక్కాం. నా దగ్గరున్నది ఊడ్చి ఇచ్చినా చాలలేదు. ఆదివారం దాటగానే కింద వాటా ఇంకెవరికో ఇచ్చేశారు. అక్కావాళ్ల సామాను మా ఒంటి గదిలో పడింది, కాలు పెట్టే చోటు లేదు. చివరికి బావ సిగ్గు విడిచి ఆ ఓనరు దగ్గరికే వెళ్లి, పాత ఇల్లే మళ్లీ ఇమ్మని అడిగాడు.

ఇస్తానన్నాడు మహానుభావుడు. అద్దె మాత్రం పెంచాడు, కొత్తగా రంగు వేసిన ఇల్లు కదా అని. నేనిచ్చింది కలిపి అడ్వాన్సు మళ్లీ కట్టాం, తక్కువపడింది నెలనెలా ఇస్తామని ఒప్పుకుని.

అక్క మెట్ల మలుపుల్లో కూర్చుంటూ, లేస్తూ పైకి చేరింది. గోడగడియారం తీసి, పాత చోటనే తగిలిద్దామని మేకూ సుత్తీ అందుకుంది.

"మేకు కొట్టకు," అన్నాడు బావ. "మళ్లీ పట్టుకుంటాడు."

ఆ గడియారం ఇప్పటికీ నేల మీదే ఉంది. టైము చూడాలంటే అక్క వంగాలి.