ఒకటో నంబరులో వేయకుండానే సాగనంపిన పాట

దయ్యాల కథలు చెప్పేవాళ్లను నేను ఎప్పుడూ ఆటపట్టించేదాన్ని. మాది తెలకపల్లిలో చర్చికి పోయే ఇల్లు. చిన్నప్పుడు చీకట్లో భయమేస్తే ప్రార్థన చేసుకుని పడుకోమనేవాళ్లు, అంతకు మించి ఆ మాట ఎత్తేవాళ్లు కాదు. పెద్దయ్యాక ఆ కాస్త భయం కూడా పోయింది. ఇప్పుడిది రాస్తున్నానంటే నా బుద్ధి మారిందని కాదు. ఎవరికైనా ఒకసారి మొత్తం చెప్పుకోకపోతే ఉండలేకపోతున్నాను.

వనపర్తిలో ఒక చిన్న రేడియోలో పనిచేస్తాను. మా సిగ్నలు అందేది చుట్టుపక్కల ఊళ్లకే, దూరం వాళ్లు ఫోన్లో వింటారు. ఆదివారం పొద్దున నా కార్యక్రమం. ఆ వారం జనం ఎక్కువగా అడిగిన పది పాటలను పదో స్థానం నుంచి మొదలుపెట్టి ఒకటో స్థానం దాకా వేస్తాను. సినిమా పాటలుంటాయి, మేము పల్లెల్లో తిరిగి రికార్డు చేసిన పాటలూ ఉంటాయి.

పాటకూ పాటకూ మధ్య పాత సంగతులు చెప్పడం నాకు సరదా. మన దేశంలో సర్కారు రేడియో సినిమా పాటలను పక్కన పెట్టిన రోజుల్లో జనం సముద్రం అవతలి లంక నుంచి వచ్చే హిందీ కార్యక్రమం కోసం చెవులు రిక్కించి కూర్చునేవాళ్లని చెప్తాను. ఏ పాట ఏ మెట్టు మీద ఉందో తేల్చడానికి రికార్డుల అమ్మకాలు చూసేవాళ్లు, శ్రోతల సంఘాలు రాసిన ఉత్తరాలు చూసేవాళ్లు. బయటి దేశాల్లో ఇంకా ముందు, రికార్డులు ఇంటింటికీ రాకముందు, అచ్చేసిన స్వరాల కాగితాలు ఎన్ని అమ్ముడయ్యాయో చూసి పాటకు స్థానం ఇచ్చేవాళ్లు. ఇవన్నీ చెప్తుంటే మా రికార్డింగ్ చూసే ఖలీల్ భాయ్ గాజు అద్దం అవతల ఆవలిస్తుంటాడు. ఆయనకు పాట మొదలైతే చాలు.

ఆ పాత కార్యక్రమాల నుంచి నేను ఒక పద్ధతి తెచ్చుకున్నాను. చాలా వారాలు పైన నిలిచిన పాటను అప్పట్లో గౌరవంగా లెక్కలోంచి తప్పించేవాళ్లు, కొత్త పాటలకు చోటు దొరకాలని. మా దగ్గర దాన్ని సాగనంపడం అంటాం. ఒకటో నంబరులో కొన్ని వారాలు మోగిన పాటకు ఖలీల్ భాయ్ రికార్డు చేసిపెట్టిన డప్పు దరువు వేస్తాడు, నేను నాలుగు మంచి మాటలు చెప్తాను. ఆ తర్వాత ఎవరు ఎంత అడిగినా ఆ పాటను లెక్కించం.

మాకు ఓట్లు ఫోన్లో గొంతు మెసేజ్‌లుగా వస్తాయి. పేరు, ఊరు, ఎవరి కోసం అడుగుతున్నారో చెప్పాలి. కొన్ని మెసేజ్‌లను అలాగే వినిపిస్తాం.

మొన్న వానాకాలంలో గద్వాల నుంచి ఒక ముసలామె గొంతు వచ్చింది. పల్లి చేలో ఆడవాళ్లు పాడుకునే పాట అడిగింది. "మా పిల్లకు నెలలు నిండుతున్నయి. గీ పాట ఏయుండ్రి. నేనొస్తున్న అని చెప్పుండ్రి" అంది. పేరు చెప్పలేదు. గొంతు బాగుందని వినిపించాను. అది విని ఇంకొందరు అదే పాట అడిగినట్టున్నారు, ఆ వారం ఆరో స్థానంలో నిలిచింది.

తర్వాతి వారం అదే గొంతు పెబ్బేరు నుంచి వచ్చింది. తన పిల్ల తెలకపల్లిలో ఉందని చెప్పింది. మా ఊరే కదా అని రేడియోలో నవ్వుతూ అన్నాను కూడా. పాట అయిదో స్థానానికి ఎక్కింది.

ఆ మరుసటి వారం మెసేజ్ వనపర్తి నుంచే వచ్చింది. "ఇది మూడో కడుపు. ముందటి రెండు నిలవలే. పిల్ల పరేషాన్ల ఉన్నది" అంది. ఖలీల్ భాయ్ ఎప్పటిలాగే దాన్ని కార్యక్రమంలోకి ఎక్కించాడు, పాట నాలుగో స్థానానికి వచ్చింది. నేను మాత్రం దాన్ని మళ్లీ పెట్టించుకుని విన్నాను.

మా చెల్లెలు ఎస్తేరు అప్పుడు కాన్పు కోసం తెలకపల్లిలో అమ్మ దగ్గర ఉంది. అది మూడో కడుపు, ముందటి రెండూ నిలవలేదు. దాని మొగుడు బొంబాయిలో బిల్డింగు పనికి పోయాడు. అత్తగారిల్లు లింగాల. ఈ బిడ్డయినా దక్కాలని అమ్మ ఉపవాసాలుండి ప్రార్థన చేస్తోంది. మా ఇంటి ఆశంతా ఆ కడుపు మీదే ఉంది.

మెసేజ్ వచ్చిన నంబర్లకు నేనే ఫోన్ చేశాను. మూడూ వేర్వేరు మనుషులవి. పెబ్బేరు నంబరు ఒక ఆటో డ్రైవరుది. "ఆ అవ్వ ఎవలో తెల్వదు మేడం. బస్టాండ్ల జర ఫోన్ ఇయ్యి బిడ్డా అన్నది. మీ నంబరు నోటికే చెప్పింది. మాట్లాడి ఇచ్చేసింది" అన్నాడు. మిగతా ఇద్దరూ ఇంచుమించు అదే చెప్పారు. చేతిలో గుడ్డ సంచి ఉందట. అంటే మనిషే, దయ్యం కాదు అని నాకు నేను చెప్పుకున్నాను. మనిషి అని తేలినందుకు భయం తగ్గాలి కదా, తగ్గలేదు.

నాలుగో మెసేజ్ బిజినేపల్లి నుంచి వచ్చింది. అందులో పేరు పెట్టి "మా ఎస్తేరుకు" అంది. పాట మూడో స్థానంలోకి వచ్చింది. అయిదోది నాగర్‌కర్నూల్ నుంచి. పాట రెండో స్థానం. వారానికి ఒక ఊరు, వారానికి ఒక మెట్టు. ఆమె మా ఇంటి దారిలోనే వస్తోంది.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆదివారం పొద్దున అమ్మా ఎస్తేరూ చర్చిలో ఉంటారు కాబట్టి వాళ్లు నా కార్యక్రమం వినరు. నిండు చూలాలికి ఇలాంటివి చెప్పి బెదరగొట్టడం ఎందుకని ఊరుకున్నాను. రోజూ ఫోన్ చేసి, కొత్తవాళ్లెవరన్నా వచ్చారా అని మాత్రం అడిగేదాన్ని. "ఎవలొస్తరే? ఏందే నీ గోల" అని అమ్మ విసుక్కునేది. ఎస్తేరు ఫోన్ లాక్కుని, పుట్టబోయే బిడ్డకు రేడియోలో పేరు పెట్టే పోటీ పెట్టమని నవ్వేది.

శనివారం మధ్యాహ్నం ఆరో మెసేజ్ వచ్చింది. నంబరు చూసి గుర్తుపట్టాను. మా సందు మొదట్లో ఉండే కిరాణా దుకాణం యాదయ్య మామది.

"వచ్చిన. ఇంటి ముందట్నే ఉన్న. పిలుపు లేంది లోపలికెట్ల పోత? ఒకటో నంబర్ల పాట ఏయుండ్రి, గదే పిలుపు అనుకుని పోత" అంది ఆ గొంతు.

వెంటనే అమ్మకు ఫోన్ చేశాను. బయటికి వచ్చి చూసి, సందులో కుక్క తప్ప ఎవరూ లేరంది. తలుపు గడియ పెట్టుకోమన్నాను. పట్టపగలు గడియేందే అని తిట్టింది. నేను బతిమాలితే పెట్టుకుంది.

ఆదివారం లెక్క చూస్తే నిజంగానే ఆ పాట ఒకటో స్థానంలో ఉంది. వేస్తే ఏమవుతుందో తెలియదు. నా చెల్లెలు ఉన్న ఇంట్లోకి ఏదో అడుగుపెడుతుందని, దానికి దారి ఇచ్చేది నేనే అవుతానని అనిపించింది. నేను నమ్మని దానికి అంత భయపడటం అదే మొదటిసారి.

డప్పు దరువు వేయమని ఖలీల్ భాయ్‌కి చెప్పాను. ఆయన తెల్లబోయాడు. "ఒకటో నంబర్ల ఒక్కసారి కూడ ఏయకుండ సాగనంపుడేంది చెల్లె? గిట్ల ఎన్నడన్న చేసినమా?" అన్నాడు. నా ముఖం చూసి ఇంకేమీ అనకుండా దరువు వేశాడు.

నేను మైకు ముందు చెప్పిన మాటలు నాకు బాగా గుర్తు. ఈ పాటకు ఈ రోజుతో సెలవు అన్నాను. ఇక దీన్ని లెక్కించం, వేయం అన్నాను. అడిగిన పెద్దమ్మ దయచేసి వెనక్కి వెళ్లిపోవాలి అని కూడా అన్నాను. ఆ తర్వాత రెండో స్థానంలో ఉన్న సినిమా పాటను ఒకటో స్థానంలో వేసేశాను.

ఆ మధ్యాహ్నం చర్చి నుంచి ఇంటికొచ్చిన కాసేపటికే ఎస్తేరుకు నొప్పులు మొదలయ్యాయి. నాగర్‌కర్నూల్ దవాఖానకు తీసుకుపోయారు. నేను వనపర్తి నుంచి వెళ్లేసరికి ఆడపిల్ల పుట్టిందని చెప్పారు. పాప బాగుంది. ఎస్తేరుకు నెత్తురు ఆగలేదు. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు, ఇలాంటివి ఒక్కోసారి జరుగుతాయని చెప్పారు. నేను వాళ్లను తప్పు పట్టను. సాయంత్రం కాకముందే నా చెల్లెలు పోయింది.

సమాధి చేసి వచ్చిన రోజు యాదయ్య మామ నన్ను పక్కకు పిలిచాడు. ఆ ముసలామె శనివారం తన ఫోన్ అడిగిందని, ఆదివారం పొద్దున మళ్లీ దుకాణం ముందు అరుగు మీద కూర్చుందని చెప్పాడు. ఆయన ఫోన్లో నా కార్యక్రమం పెట్టి ఉందట.

"మొత్తం ఇన్నది బిడ్డా. నువ్వు ఎల్లిపొమ్మన్నవ్ గద, అప్పుడు లేచింది. మంచిది తియ్ అని సంచి చంకకు పెట్టుకుని బస్సు దిక్కు పోయింది. కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది" అన్నాడు.

ఆ మాట విన్నాక మెసేజ్‌లను నాలోనే దాచుకోలేకపోయాను. అమ్మ పాపకు పాలు పట్టి పడుకోబెట్టాక అన్నీ వినిపించాను. మొదటిదానికే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

అమ్మ పుట్టిల్లు గద్వాల దగ్గర ఒక పల్లె. చర్చిలో పెళ్లి చేసుకున్నందుకు ఆ ఇంటితో రాకపోకలు తెగాయనీ, అమ్మమ్మ నా చంటితనంలోనే పోయిందనీ వినడమే తప్ప నాకు ఇంకేమీ తెలియదు. ఆ ముసలామె విషయంలో ఆ సంగతి నాకు తట్టనే లేదు.

"గిది మా అమ్మ గొంతు" అంది అమ్మ. "ఆమె మంత్రసాని. నువ్వు కడుపుల అడ్డం తిరిగినవంటే గద్వాల్ నుంచి వచ్చింది. పిలువంది గడప తొక్కదు, కాన్పులు చేసేటోళ్లకు గదొక పట్టింపు. బయటనే నిలబడ్డది. మీ నాయన ఎదురుపోయి రా అత్తా అని పిలిస్తే గప్పుడు లోపలికొచ్చి నన్నూ నిన్నూ బతికించింది."

కూతురిని పోగొట్టుకున్న మనిషికి ఏ ముసలి గొంతయినా తల్లి గొంతులా వినిపించవచ్చు. ఆ ముసలామె మతి చెడి ఊళ్లు తిరిగే మనిషి కావచ్చు. ఎస్తేరు పేరు ఎవరి నోటనైనా విని ఉండవచ్చు. రోజూ ఇలాగే ఒక్కొక్కటీ నాకు నేను చెప్పుకుంటాను. ఒక్కటి కూడా నిలబడదు. వచ్చింది ఎవరో, ఎందుకు వచ్చిందో నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆ రోజు అమ్మ చివరి మెసేజ్ రెండుసార్లు వింది. నిద్రపోతున్న పాప మీద చెయ్యి వేసి, నా దిక్కు చూడకుండా అడిగింది.

"మరి నువ్వు రమ్మనలేదా బిడ్డా?"