జింకల కోసం వేసిన జొన్న

"పీకకండి వదినగారూ! మీరే చల్లి, మీరే పీకేస్తారా?"

"నేను చల్లిన కాబట్టే నేనే పీకుతున్న. నువ్వు పక్కకు జరుగు, టీచరమ్మా."

"ఆదివారం ప్రార్థన అయ్యాక మా సంఘం వాళ్లు జింకల్ని చూడ్డానికి వస్తామన్నారు. అప్పటిదాకైనా ఉంచండి."

"చచ్చిన జింకలను చూపిస్తవా వాళ్లకు?"

"అబ్బా, ఏం నోరండీ మీది! పురుగుపట్టిన జొన్నలు, డబ్బా ఖాళీ అవుతుందని చల్లారు. బొబ్బర్లు ఒక్కటే వేద్దామని నేను మొదట్నుంచీ మొత్తుకున్నాను."

"మొత్తుకున్నవు. పార పట్టినవా మరి?"

ఆమెకు కోపమొచ్చింది. నాకు అంతకుముందే వచ్చి ఉన్నది.

మా బిడ్డ యూనివర్సిటీ ఆఫీసుల పనిచేస్తది. తార్నాక దిక్కున్న క్వార్టర్స్‌ల ఆమె దగ్గరనే ఉంట నేను. పొద్దున పోతే దీపాలు పెట్టినంక వస్తది, ఫోన్ చూసుకుంట తింటది, పంటది. చెడ్డ పిల్ల కాదు, అలిసిపోతది. నేనేమో మాటలకు ఎగబడే మనిషిని కాదు. పగలంత ఇంట్ల ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ ఉండదు. అది కూడా ఊకెనే తిరుగుడెందుకని బంద్ చేస్త.

ఎదురింటి టీచరమ్మది కోస్తా దిక్కు. బడిల చెప్పి రిటైరైంది, భర్త లేడు. ఎదురెదురు తలుపులే అయినా, జింకలు వచ్చేదాక మా ఇద్దరికి నమస్కారాలే.

మా క్వార్టర్స్ వెనక కూలిన గోడ, దాని అవతల క్యాంపస్ పొదలు. ఎండకాలం ఒకనాడు రెండు చుక్కల జింకలు గోడ దాటొచ్చి, నేను చెట్టుకు పోద్దామని పెట్టిన బియ్యం కడుగు నీళ్లు తాగినయి. టీచరమ్మ తన వెనక తలుపుల నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది. "వదినగారూ, కదలకండి" అన్నది. ఆమె నన్ను పిలుచుడు అదే మొదలు.

తొలకరి పడంగనే గోడకు ఇవతలి జాగ తవ్విన. జొన్నలు, ఆమె తెచ్చిన బొబ్బర్లు కలిపి చల్లిన. మొలకప్పుడే మేస్తే పంట నిలువదు, అందుకని చుట్టూ తుమ్మ కంప పెట్టిన. మోకాలెత్తు వచ్చినంక కంప తీసిన. మరునాటి నుంచే జింకలు రాబట్టినయి. మేము గడప మీద చాయ పెట్టుకొని కూసునేటోళ్లం. గట్టిగ మాట్లాడితే ఉరుకుతయని ఊకెనే కూసునేటోళ్లం. నా పక్కన ఒక మనిషి కూసునేది రోజుమొత్తంల అప్పుడే.

తర్వాత వాన ముఖం చాటేసింది. జింకలు మేసిన మోళ్లకు పిలకలొచ్చినయి. పచ్చగ, పొట్టిగ, ఆకులు చుట్టుకపోయి. మా ఊళ్లె దాన్ని నాము అంటరు. వాన లేక గిడసబారిన జొన్న పిలక విషమైతది. నా చిన్నప్పుడు మా బర్రె అది మేసి, కడుపుబ్బి, నోట్ల నురుగొచ్చి చేన్లనే పడ్డది. మా నాయన దాని పక్కన కూసొని లేవలేదు.

ఇది నాము అని గుర్తుపట్టంగనే పీకవలసింది. పీకలేదు. పీకితే జింకలు రావు. అవి రాకపోతే టీచరమ్మ ఎందుకొస్తది? వాన పడితే విషం దిగుతది కదా అని మబ్బుల దిక్కు చూసుకుంట ఊకున్న, జింకలు వచ్చే యాళ్లకు కట్టె పట్టుకొని అదిలించిన. అదిలిస్తే మాత్రం ఎన్నాళ్లు? ఆ పూట చిన్న జింక నా చూపు తప్పించి పిలక మీద మూతి పెట్టింది. దాన్ని తరిమి, పీకుదామని నడుము వంచిన. అప్పుడే టీచరమ్మ అడ్డమొచ్చింది.

"నీళ్లు పోద్దామండీ" అన్నది టీచరమ్మ, నాము సంగతి విన్నంక గొంతు తగ్గించి.

"సంపుల నీళ్లు మనకే చాలుతలేవు. ట్యాంకర్ నీళ్లు మడికి పోస్తే పైఅంతస్తోళ్లు ఊకుంటరా?"

"మరి అవి రాకపోతే నాకు పొద్దున్నే లేవడానికి పనేముందండీ?"

నాకు కూడా లేదు. ఆ మాట చెప్పాలె. చెప్పలేదు. "పని లేకపోతే పండు" అన్న.

ఆమె ఇంట్లకు పోయి తలుపు వేసుకున్నది. నేను జొన్న మొత్తం పీకిన. బొబ్బర తీగలు జొన్నలకు చుట్టుకొని ఉన్నయి, అవి కూడా వేర్లతోని లేచొచ్చినయి. ఒక్క మొక్క కూడా మిగులలేదు. పశువుల నోట పడగూడదని అంతా బస్తాల కుక్కి, చెత్త బండాయన చేతికే ఇచ్చిన.

మర్నాడు పొద్దున రెండు జింకలు వచ్చినయి. తవ్విన మట్టిని వాసన చూసినయి. చిన్నది కాలుతోని గీరింది, పెద్దది దాన్ని మూతితో నెట్టింది. రెండూ గోడ దాటి పొదల్లకు పోయినయి. టీచరమ్మ కిటికీ రెక్క కొంచెం తెరిచి ఉన్నది. ఆమె బయటికి రాలేదు. నేను పిలువలేదు.