ఆఖరి బంతిలో మా అత్తమ్మ

మా మేనత్త సుశీలమ్మ గారు పోయిన నెల జనగామలో కన్నుమూశారు. పొద్దున చాయ్ తాగి, గ్లాసు తానే కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చుని అలాగే ఒరిగిపోయారు. అయితే ఒక మాట చెప్పాలి. దవాఖాన మంచం మీద నెలల తరబడి పడి ఉండాల్సి వస్తుందేమోనని ఆమెకు భయం. అది తప్పింది. ఆమెకు ఇంకో భయం కూడా ఉండేది. అదీ తప్పిందని చెప్పడానికే ఈ వ్యాసం.

నెల్లికుదురు వైపు గడీ ఉన్న దొరల ఇల్లు మాది. ఆ గడీ, దాని కింది భూములు మా నాన్న, ఆయన అన్నదమ్ముల వాటాల్లోనూ, వాటాల మీది కొట్లాటల్లోనూ కరిగిపోయాయి. మిగిలింది ఇంటిపేరు, వంగని వెన్ను. ఆ వెన్ను నాకు వారసత్వంగా వచ్చింది. అందుకు నేను సిగ్గుపడను. అత్తమ్మ మాత్రం పోయినదాని గురించి మాట్లాడకుండా జనగామలో మందుల ఏజెన్సీ పెట్టారు. తర్వాత మానుకోటలో ఒకటి, భూపాలపల్లిలో ఒకటి శాఖలు తెరిచారు. "భూమి పగిలింది. గిది పగలొద్దు అల్లుడా" అనేవారు నాతో. మూడు చోట్లా ఒకటే ఆఫీసుగా నిలవాలన్నదే ఆమె పట్టుదల.

మూడు చోట్ల సరుకూ బిల్లులూ జనగామలోని ఒకే కంప్యూటర్‌లో ఉండేవి. అది పెద్ద సర్వర్ కాదు, బల్ల మీద పెట్టుకునే మామూలు కంప్యూటర్. చాలా ఏళ్లు బాగానే నడిచింది. భూపాలపల్లిలో మనుషులు పెరిగాక ఒక పొద్దున అక్కడివాళ్లు ఎంత ప్రయత్నించినా అది లోపలికి రానివ్వలేదు. ఆ శాఖ చూసే సమ్మయ్య నాకు ఫోన్ చేశాడు.

"ఏంది దొరా, గడీ దర్వాజ మళ్ల మూసిండ్రా? మా తాత మీ తాత దర్వాజ కాడ నిలబడ్డడు. మేం గిప్పుడు కంప్యూటర్ కాడ నిలబడాల్నా?"

నాకు ఒళ్లు మండింది. యంత్రానికి ఎవరి తాత ఎవరో తెలుస్తుందా అన్నాను.

"తెల్వదు. మరి మీ జనగామోళ్లను ఎన్నడన్న ఆపిందా?"

ఆపలేదు. మేం వాళ్ల కంటే ముందు ఆఫీసు తెరిచేవాళ్లం, అంతే. అది చెప్పినా అతను వినలేదు. "మా కంప్యూటర్ మేం పెట్టుకుంటం, మా యాపారం మేం చేసుకుంటం" అని ఫోన్ పెట్టేశాడు. ఆ మాట చెబితే అత్తమ్మ ముఖం చిన్నబోయింది. అన్నదమ్ములు వేరుపడిన రోజు కూడా సరిగ్గా అదే మాట విన్నారట ఆమె.

హనుమకొండ నుంచి కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయిని పిలిపించాం. చెడిందేమీ లేదన్నాడతను. ఇలాంటి కంప్యూటర్‌ను సర్వర్‌లా వాడితే ఒకేసారి ఇరవై యంత్రాల కంటే ఎక్కువ కలవనివ్వదట, ముందు తెరిచినవాళ్లకే చోటట. ఎవరైనా తెరిచి వదిలేసి చాయ్‌కి పోయినా ఆ చోటు నిండినట్టేనట. ఇంకా కావాలంటే సర్వర్ కొనాలి. "లేకుంటే ఆ లిమిట్ తీసే దొంగతోవ ఒకటున్నదమ్మా. ఎవ్వలకు తెల్వది" అన్నాడు గొంతు తగ్గించి.

అత్తమ్మ అతనికి ఇంకొంచెం చాయ్ పోశారు. "మా నాయిన గూడ గట్లనే అనెటోడు బిడ్డా, ఎవ్వలకు తెల్వదని. ఊరందరికి తెలుసు."

సర్వర్ కొందామన్నాను నేను. మన పేరుకు అదొక లెక్కా అన్నాను.

"కొనెటప్పుడు కొందాం తియ్యి. పెండ్లిల ఇస్తరాకులు తక్కువైతె ఏం జేస్తరు? బంతులు పెడ్తరు. తిన్నోడు లేస్తడు, ఎన్క నిలబడ్డోడు కూసుంటడు. తిన్నంక గూడ ముచ్చట వెట్టుకుంట కూసునేటోన్ని ఎవ్వలన్న మెచ్చుకుంటరా?"

అలా మా ఆఫీసులో బంతుల వరస మొదలైంది. మందులతో పొద్దున్నే దూరాన టేకుమట్ల దాకా పోవాల్సిన బండి వాళ్లదే కాబట్టి మొదటి బంతి భూపాలపల్లిది. తర్వాత మానుకోట, ఆ తర్వాత జనగామ. పని అయినవాళ్లు కంప్యూటర్ మూసి, "లేచినం" అని ఫోన్‌లో చెప్పాలి. మరి మన సంగతేమిటని అడిగాను. ఆమె లేచి, మా ఇద్దరి కంప్యూటర్లనూ దానికి కలిపే వైర్లు, తన గదిలోదీ నా బల్ల కిందిదీ, రెండూ తన చేత్తోనే ఊడదీశారు.

"పెండ్లి మనింట్లయితె మనం ముందుగాల కూసుంటమా? ఇంటోళ్లది ఆఖరి బంతి."

తరతరాలుగా ముందు తిన్న ఇల్లు మాది. ఆ మాట నాకు మింగుడుపడడానికి చాలా కాలం పట్టింది.

తర్వాత సమ్మయ్య ఏదో పని మీద జనగామ వచ్చి, నేల మీద పడి ఉన్న ఆ రెండు వైర్లనూ చూశాడు. వెళ్లేముందు, "నీ వైరన్న పెట్టుకో అమ్మా, గిట్లుంటె మంచిగుండది" అన్నాడు.

"వెట్టుకుంట. మీరు తిన్నంక" అన్నారు అత్తమ్మ.

వేరుపడే మాట ఆ తర్వాత వినిపించలేదు. కానీ ఆమెకు నమ్మకం కుదరలేదు. "నేనున్నన్ని దినాలు లేస్తరు అల్లుడా. నేను పోయినంక లేస్తరా? మీ తాత పోయినంక మీ నాయినోళ్లు లేచిండ్రా?" అని తరచూ అడిగేవారు. నా దగ్గర జవాబు ఉండేది కాదు.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆఫీసు తెరిచి, నా బల్ల ముందు కూర్చున్నాను. ఫోన్ మోగింది. సమ్మయ్య. ఏ మాట వినాల్సి వస్తుందోనని వెన్ను నిటారు చేసుకున్నాను.

"లేచినం అన్నా. మానుకోటోళ్లను కూసోమను."

అతను నన్ను దొరా అనకపోవడం అదే మొదటిసారి. తర్వాత మానుకోట వాళ్లు లేచారు. జనగామ వాళ్లు లేచారు. ఎవరికీ ఎవరూ గుర్తుచేయలేదు. అప్పుడు వంగి, నా బల్ల కింది వైరు పెట్టుకున్నాను. ఎన్నో రోజుల తర్వాత నిండుగా ఊపిరి పీల్చుకున్నాను.

మా వంశంలో పెత్తనం చేసినవాళ్లు చాలామంది పుట్టారు. తాను ఆకలితో ఆగి పదిమందిని కూర్చోబెట్టిన మనిషి ఆమె ఒక్కరే. అలాంటివారు మాకు మళ్లీ దొరకరు. ఆమె గదిలో వైరు ఇంకా నేల మీదే ఉంది. దాన్ని నేను తాకలేదు.

మీరడిగిన దానికి ఇప్పుడు జవాబు ఉంది అత్తమ్మా. లేచారు.