పట్టాలకు అవతలి బడి

మా పేట నుంచి హైస్కూలు కిలోమీటరు లోపేనని ఫోను చెప్పిందట. చెప్పదా మరి, దానికి కాళ్ళున్నాయా, గూడ్సు బండి కింద నుంచి ఎప్పుడైనా పాకిందా?

నాకు ఒకచోట కూర్చుని చెప్పడం రాదు. కూర్చుంటే ఏదో పొయ్యి మీద పెట్టి మరిచిపోయినట్టు ఉంటుంది. తిరుగుతూ చెబుతాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి. ముందు మాట వెనక పడితే పడనివ్వండి.

మా పేట పోర్టు గోడను ఆనుకుని ఉంటుంది. అరుగు తుడిచిన గంటకే మళ్ళీ వేలితో గీత గీయొచ్చు, అంత బొగ్గు దుమ్ము. మా ఆయన పోర్టులో కళాసీ, ఓడల్లోంచి మూటలు దించేవాడు. ఆయన పోయి పదకొండేళ్ళు. కూతురు నా దగ్గరే ఉంటుంది, రొయ్యల కంపెనీలో పని. అల్లుడు లారీ తోలతాడు, ఇంట్లో కనపడేది నెలకు నాలుగు రోజులు. మనవరాలు నా చేతుల మీదే పెరిగింది. మా సందు చివర రెండు గదుల బడి ఉంది, అయిదు దాకా. గంట కొట్టాక జడ వేయడం మొదలుపెట్టినా పిల్ల అందుకునేది.

మనవరాలు మూడులోకి వస్తుందనగా, వేసవిలో కబురొచ్చింది. మూడు, నాలుగు, అయిదు తరగతులు హైస్కూల్లో కలిపేస్తారట. హైస్కూలు పట్టాలకు అవతల. ఓడల నుంచి బొగ్గు మోసే వ్యాగన్లు ఆ పట్టాల మీద గంటల కొద్దీ నిలబడి ఉంటాయి, ఎప్పుడు కదులుతాయో తోలేవాడికి తప్ప ఎవరికీ తెలీదు. రైల్వే గేటు చుట్టూ తిరిగి వెళ్తే ముప్పావు గంట. అందుకని మా పేటలో జనం వ్యాగన్ల కింద నుంచే పాకుతారు. నేనూ పాకాను, నడుం బాగున్న రోజుల్లో. కానీ ఎనిమిదేళ్ళ పిల్లని, పుస్తకాల సంచీతో, రోజూ రెండుసార్లు?

మాస్టారిని అడిగాను. అయిదు తరగతులకూ ఆయనొక్కడే. మంచివాడే, పిల్లల ముక్కులు కూడా తుడుస్తాడు. దూరం తాము కొలవలేదని, మ్యాపు కొలిచిందని చెప్పాడు.

"మ్యాపులో పట్టాలు లేవేటి మాస్టారూ?"

"ఉన్నాయమ్మా. వాటి మీంచే కొలిచింది."

నా కూతురికి మాత్రం అది మంచి కబురే. సబ్జెక్టుకొక టీచరు, కంప్యూటర్ల గది, ఇంగ్లీషు. ఇక్కడ ఒకే గదిలో మూడో తరగతి వాళ్ళు ఎక్కాలు చెబుతుంటే నాలుగో తరగతి వాళ్ళు పద్యం అరుస్తారు, ఏ చదువు వస్తుందంటుంది. అది అబద్ధమని నేననలేను. రైలు గురించి అడిగితే, ప్రపంచంలో పిల్లలందరూ రోడ్లు దాటడం లేదా అంటుంది. ఇద్దరం రోజూ అదే మాట. అన్నం దగ్గర, కుళాయి దగ్గర.

పాత పోస్టాఫీసు వైపు ఒక సాయిబు జిరాక్సు షాపు పెట్టుకున్నాడు. ఆయనే ఉపాయం చెప్పాడు. సమాచార హక్కని ఒకటుంది, కాగితం పెట్టి అడిగితే ఆఫీసు వాళ్ళు జవాబు ఇచ్చి తీరాలి. ఎవరు ఒప్పుకున్నారు, ఎలా కొలిచారు, అన్ని కాగితాలూ ఇమ్మని రాశాడు. తెల్లకార్డు జిరాక్సు జతచేశాడు. నా కూతురు అడ్డుపడింది.

"గవర్నమెంటోలిని నిలదీత్తావేటే అమ్మా? రేపు కార్డు పీకేత్తే ఏటి తింతాం?"

వినలేదు. సంతకం పెట్టాను. నాకు సంతకమంటే ఒక పొగరు ఉంది, దాచడమెందుకు. మా ఆయన పోయినప్పుడు కాగితాల మీద నా వేలు ముద్ర వేయించుకున్నారు. గుమస్తా నా బొటనవేలు పట్టుకుని రబ్బరు ముద్ర నొక్కినట్టు నొక్కాడు, నా మొహం కూడా చూడలేదు. ఆ మరక రెండు రోజులు ఉంది. తర్వాత పొదుపు సంఘం ఆడవాళ్ళు సాయంత్రం పూట నేర్పితే నా పేరు రాయడం నేర్చుకున్నాను. అది తప్ప రాదు. బస్సు బోర్డు కూడా రంగు చూసి ఎక్కుతాను. కానీ ఎవరైనా సిరా డబ్బా ముందుకు తోస్తే మళ్ళీ వాళ్ళ వైపే తోసి, పెన్ను ఇమ్మంటాను. కూతురు డ్యూటీకి పోతుంది గనక బడి పేరెంట్సు కమిటీలో ఆమె బదులు నన్ను వేశారు, అక్కడా మొదటి సంతకం నాదే.

నెల దాటాక కవరొచ్చింది. ఆ నెలంతా నేను ఊరుకున్నానా? పిల్లల్ని పట్టాల మీదకి తోయడానికి ఏ పాపిష్టి చేతులు ఒప్పుకున్నాయో అని కుళాయి దగ్గర అందరికీ వినపడేట్టు తిట్టాను. కవరు విప్పకుండానే సాయిబు దగ్గరికి పరిగెత్తాను. మొదటి కాగితం ఇంగ్లీషు, రెండోది బళ్ళ పేర్లూ దూరాలూ. మూడోది చూసి ఆయన చదవడం ఆపేశాడు. గొంతు తగ్గించాడు.

"అక్కా, ఇది నీ సంతకమేనా?"

మా బడి మీటింగుల మినిట్స్ పుస్తకంలో పేజీకి ఫోటో అది. పై తరగతులు హైస్కూల్లో కలపడానికి కమిటీ అంతా ఒకే మాటగా ఒప్పుకుందని రాసుంది. కింద ఆరు సంతకాలు. అన్నిటికంటే పైన నాది, చివరి అక్షరం పెద్దగా, కుడివైపుకి ఎగబాకుతూ.

కాదనాలనిపించింది. నోటి దాకా వచ్చింది.

ఎలా జరిగిందంటే చెబుతాను. మాకందరికీ అది అలవాటు. నెలకొకసారి మీటింగు. పేజీ ఫోటో తీసి పన్నెండు లోపల యాప్‌లో ఎక్కించాలి, దాటితే అది మూసుకుపోతుంది, మాస్టారికి పైనుంచి చీవాట్లు. మా ఆడవాళ్ళకేమో కుళాయి పదకొండున్నరకి వస్తుంది. అందుకని వెళ్ళగానే ఖాళీ పేజీ అడుగున సంతకాలు పెట్టేస్తాం. టీ తాగుతాం, ఉన్న కష్టం చెప్పుకుంటాం, బిందెల కోసం లేచిపోతాం. పైన రాసేది ఆయన తర్వాత రాసుకుంటాడు. ఆ పేజీ, బళ్ళు కలిపే కబురు రాకముందు మీటింగుది. ఆ రోజు మేం మాట్లాడుకుంది మరుగుదొడ్డి తలుపు గడియ గురించి.

నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. కాగితం బియ్యం డబ్బాలో పెట్టాను, తీశాను, పరుపు కింద పెట్టాను. అన్నం కలుపుకుని ముద్ద నోట్లో పెట్టకుండా లేచిపోయేదాన్ని. చివరికి కూతురే అడిగింది, నేనే చూపించాను. అరుస్తుందనుకున్నాను, నవ్వింది. అరిచినా బాగుండేది.

"సదూకున్నోలు సదివి సంతకం పెడతారమ్మా. నువ్వు ముగ్గేసినట్టు ఏసెత్తావు."

ఆ మాట పట్టుకుని తిన్నగా బడికి పోయాను. మాస్టారు వరండాలో పుస్తకాలు కట్టలు కడుతున్నాడు. కాగితం ఆయన ఒళ్ళో పడేశాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"నేనూ చదవలేదమ్మా," అన్నాడు. "ఏం రాయాలో పైవాళ్ళే వాట్సాప్ గ్రూపులో పంపారు. అయిదు నిమిషాలు కూడా లేదు. చూసి దించేశాను."

తిట్టడానికి వెళ్ళినదాన్ని, తిట్లు రాలేదు. అన్ని చదువులు చదివిన ఆయనా చదవలేదు, ఏ చదువూ లేని నేనూ చదవలేదు. ఇంక కూతురు చెప్పే చదువుకి ఎక్కడ విలువ కట్టుకోవాలో నాకు తోచలేదు.

తర్వాతి మీటింగులో నిలబడి చెప్పాను. నెల రోజులు నేను తిట్టిన పాపిష్టి చేతుల్లో మొదటివి నావేనన్నాను. మిగతా అయిదుగురిలో ఒకావిడ, "నిన్ను సూసే మేం పెట్టినాం గదా అత్తా," అంది. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ రోజు ఎవరూ బిందెల కోసం లేవలేదు. ఒప్పుకోవడం లేదని, పట్టాలున్నాయని మాస్టారి చేత రాయించాం. పైకి చదివించుకున్నాం, రెండుసార్లు. అప్పుడు సంతకాలు. ఈలోగా పన్నెండు దాటింది, యాప్ తీసుకోలేదు. ఆయన, ఏమైతే అదవుతుందని బడి ముద్ర కొట్టి రిజిస్టరు పోస్టులో పంపాడు. జవాబు లేదు.

బళ్ళు తెరిచారు. మనవరాలు హైస్కూలుకే వెళ్తోంది. మొదటి వారంలోనే ఇంటికొచ్చి, కంప్యూటరు మీద ఇల్లు బొమ్మ గీశానని గెంతింది. కూతురు నా వైపు చూసింది. నేను మొహం తిప్పుకోలేదు. ఆ బడి చెడ్డదని నేనెప్పుడూ అనలేదు, దారి గురించే నా గోల. రోజూ నేనే తీసుకెళ్తాను. వ్యాగన్లు లేకపోతే అడ్డంగా, ఉంటే గేటు చుట్టూ.

మొన్న సోమవారం వ్యాగన్లు ఆగి ఉన్నాయి. పిల్లలు ఒక్కొక్కరే సంచీ ముందు విసిరి, తల వంచి కిందకి వెళ్తున్నారు. మనవరాలు నా చెయ్యి లాగింది.

"అందరూ ఎల్తన్నారు అమ్మమ్మా. టైము దాటితే ఆబ్సెంటేసేత్తారు."

వద్దన్నాను. లాగుతూనే ఉంది. ఒక్క క్షణం, నిజం చెబుతున్నాను, చెయ్యి వదులు చేశాను. అప్పుడే పేట చివరింటి అక్కాచెల్లెళ్ళు అవతలికి తేలి గౌన్లు దులుపుకుంటున్నారు. ధన్ మని మొదటి వ్యాగను అదిరింది, ఆ చప్పుడు ఒక్కో వ్యాగనూ దాటుకుంటూ మా ముందు నుంచి పోయింది, చక్రాలు కదిలాయి. ఆ అక్కాచెల్లెళ్ళు నవ్వుతూనే ఉన్నారు. వాళ్ళకిది అలవాటే. నేను మాత్రం మనవరాలి చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాను.

గేటు చుట్టూ తిరిగి వెళ్ళేసరికి హాజరుకని యాప్‌లో తీసే ఫోటో అయిపోయింది. టీచరమ్మ పిల్లని లోపల కూర్చోబెట్టుకుంది గానీ, ఆ పూట ఆబ్సెంటే పడుతుంది, తన చేతిలో లేదంది. నేను ఇంటికి వెళ్ళలేదు. అటునుంచటే సాయిబు షాపుకి పోయాను. ఇంకా షట్టరు ఎత్తుతున్నాడు. మళ్ళీ ఒక కాగితం రాయమన్నాను. ఈసారి ఒకటే అడగాలి. ఆ దారి మా పేట నుంచి హైస్కూలు దాకా ఎవరు నడిచి చూశారు, ఏ రోజు నడిచారు, పట్టాలు ఎలా దాటారు.

"ఎవరూ నడవలేదని రాసేత్తారక్కా, అంతే," అన్నాడు ఆయన.

"అదే రాయమను. రాసి, కింద సంతకం పెట్టమను."