అమ్మకి చదివి వినిపించిన కామిక్

మొన్న మా ఊరు క్యారీలో లైబ్రరీ వాళ్ళు పాత పుస్తకాలు అమ్ముతుంటే ఇంగ్లీషులోకి మార్చిన ఒక జపనీస్ కామిక్ చేతికి తగిలింది. చిన్నప్పుడు నేను ఆడిన వీడియో గేమ్ మీద గీసిన హాస్యపు బొమ్మల కథ అది. అప్పట్లో నా దగ్గరా ఉండేది. ఆ కాగితం వాసనకి నా ఏడేళ్ళప్పటి సంగతి గుర్తొచ్చింది.

అప్పుడు అమ్మ కడుపుతో ఉంది. ఒక మధ్యాహ్నం నాన్న అమ్మను హాస్పిటల్ నుంచి తీసుకొచ్చి, "బేబీ ఇంక రాదు చిన్నీ," అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. ఏమీ అనిపించలేదు. ఆ కామిక్‌లో హీరో గోతిలో పడి చచ్చిపోయి, తర్వాతి పేజీలో తల తడుముకుంటూ లేచేవాడు. బేబీ కూడా అంతే అనుకున్నాను.

అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన కూర్చుని ఆ పేజీ చదివి వినిపించాను.

"చూడు అమ్మా, హీ గాట్ అప్ ఎగైన్! బేబీకి కూడా ఇంకో లైఫ్ ఉంది, రైట్?"

అమ్మ నావైపు తిరిగింది. "ఉందిలే. ఇంకో పేజీ చదువు," అని నవ్వింది.

పుస్తకం అయిపోయేదాకా చదివాను. అమ్మకి తగ్గిపోయిందని వెళ్ళి నాన్నకి చెప్పాను.

అమ్మ ఆ రోజు ఒక్క జోకూ విని ఉండదని ఇప్పుడు తెలుస్తోంది. నేను చదవడం ఆపి తన మొహంలోకి చూసినప్పుడల్లా నవ్వింది, అంతే.