గడియ వేసే మేడమ్

బెజవాడలో నేను చదివిన ఫార్మసీ కాలేజీలో, ఫార్మకాలజీ మేడమ్ పాఠం మొదలుపెట్టే ముందు తలుపు గడియ వేసి, ఒకసారి లాగి చూసుకునేవారు. ఆలస్యంగా వచ్చేవాళ్ళకి ఆ చప్పుడంటే హడల్.

మెథాంఫెటమిన్ అనే మత్తుమందు పాఠం రోజు మాత్రం మమ్మల్నందర్నీ మిట్టమధ్యాహ్నపు ఎండలోకి తరిమి, తాను లోపలుండి గడియ వేశారు.

"ఈ గది మెదడులో ఒక నాడీకణం, మీరంతా అందులోని డోపమిన్," అన్నారు కిటికీలోంచి. "మామూలుగా ఇద్దరు ముగ్గురు బయటికెళ్ళి, కాస్త హుషారు పుట్టించి లోపలికొచ్చేస్తారు. ఈ మందు అందర్నీ ఒకేసారి తోలేసి తలుపు మూసేస్తుంది. ఊఁ, గోల చెయ్యండి!"

గోల చెయ్యమంటే కాదంటామా? ఈలలేశాం, గెంతాం. పది నిమిషాలకి చొక్కాలు తడిసిపోయాయి.

"ఒళ్ళు కాలుతోందా? గుండె దడదడలాడుతోందా? అదీ సిలబస్సే నాయనా!" అని, ఖాళీ బెంచీల వైపు తిరిగి ఒక జోకు చెప్పారు. "చూశారా, నవ్వడానికి లోపల ఒక్కరూ లేరు. మందు దిగిపోయాక ఇంతే."

బతిమాలితే తలుపు తీశారు. ఆఖర్న వస్తున్న నన్ను ఆపి, గడియ మీద చెయ్యి తియ్యకుండానే మెల్లగా అన్నారు: "ఇక్కడంటే గడియ నా చేతిలో ఉంది. మెదడులో ఎవరి చేతిలో ఉంటుందిరా?"

పరీక్షలకి నిద్ర రాకుండా ఉంటుందని సీనియర్ ఇచ్చిన అలాంటి బిళ్ళే అప్పుడు నా జేబులో ఉంది. ఆవిడకెలా తెలిసిందో నాకిప్పటికీ తెలియదు. సాయంత్రం దాన్ని హాస్టల్ డ్రైనేజీలో పడేశాను.

ఆ వారమంతా అక్కడి ఎలుకలు ఏ పరీక్షకి చదివాయో మరి!