మూత కుదిరిన కంప్యూటర్

సింగపూరు నుండి సముద్రం దాటి క్షేమంగా వచ్చిన ఒక కంప్యూటర్‌ను, తమిళనాడు ధర్మపురి బజారు వీధిలో హారతి పట్టి మరీ పరలోకానికి సాగనంపిన పుణ్యాత్మురాలిని నేనే. పిడుగు పడలేదు, ఎలుక కొరకలేదు. దానికి జతలు నేను ఏరాను, అంతే. నవ్వదలచినవారు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు, చివరిదాకా ఆగనక్కరలేదు.

నేను బడి గడప తొక్కినదాన్ని కాను. నాన్న ఇంట్లోనే అక్షరాలు దిద్దించి, పురాణాలు చదివించారు. ఆ ఋణం తీరేది కాదు. మిగతా చదువు పెళ్ళయ్యాక మా ఆయన స్టీలు పాత్రల అంగడిలో పూర్తయింది. ఆ చదువంతా ఒక్క ముక్కే: మూత గిన్నెకు పట్టిందంటే జత కుదిరినట్టు.

దీనికి తోడు, నాది కైరాసి చెయ్యి అని మా అత్తగారు వీధంతా చెప్పుకునేవారు. కైరాసి అంటే, ముట్టుకున్నదల్లా కలిసొచ్చే చెయ్యి. నేను నాటిన వంకాయ నారు విరగకాసింది. నేను ఏరిన చీర కట్టుకున్న పిల్లకు సంబంధం కుదిరింది. కాసిన గొప్ప నారుదా, నాదా అని ఎవరూ అడగలేదు. అడగడానికి నాకూ తోచలేదు. ఆ పొగడ్తను ప్రసాదంలాగా కళ్ళకద్దుకుని పుచ్చుకున్నాను.

ఆ రోజుల్లో పాత్రల వ్యాపారం మందగించింది. మా ఆయన అన్న, అంటే మా బావగారు, మొరప్పూరులో వేరుశనగ మండీ నడిపేవారు. "అంగడి మూసేసి వచ్చి నా మండీలో మూటలు ఎంచు" అని ఆయన కబురు మీద కబురు పంపేవారు. మా ఆయనకు అన్నంటే గౌరవం, మూటలంటే భయం. అంగడి ముందు గదిలో కంప్యూటర్ ఆట పెడితే కాలేజీ పిల్లలు వచ్చి ఆడతారని ఆశపడి, సింగపూరులోని స్నేహితుడి చేత ఆ యంత్రాన్ని తెప్పించారు.

బావగారు గడువు పెట్టారు. "విజయదశమికి నేనే వచ్చి చూస్తాను. ఆట ఆడితే ఈడ్నే ఉండు. ఆడకపోతే అదే బస్సులో నాతో బయలుదేరు."

వచ్చిన యంత్రం పలకంత పెట్టె, పైన రబ్బరు బొత్తాలు. బొమ్మ కనబడటానికి టీవీ, క్యాసెట్‌లో ఉన్న ఆటను అందులోకి ఎక్కించడానికి టేపు రికార్డరు, కరెంటుకు అడాప్టరు మనమే జతచేసుకోవాలి. టేపు రికార్డరు ఇంట్లో ఉంది. మిగతా రెండింటికీ మా ఆయన సేలం బయలుదేరుతుంటే అత్తగారు అడ్డుపడ్డారు.

"ఒక్కడివే పోవద్దురా. కోమలను పిల్చుకొని పో."

"అమ్మా, ఇది వంకాయ నారు కాదు."

"నారుకే అంత చేసిన చెయ్యి, ఇనుముకు చెయ్యదా?"

సేలంలో అంగడాయన మన భాషవాడే. యంత్రాన్ని తిప్పి చూసి, "దీని బొమ్మ మామూలు టీవీలో రాదు. యూహెచ్ఎఫ్ ఉండే టీవీ కావాల. అదో, ఆ మూల ఉండాది" అన్నాడు.

మూలన ఉన్నది నూనె స్నానం చేయించి తుడవడం మరచిన బిడ్డలాగా బోసిగా ఉంది. దాని పక్కనే, చెక్కతో చేసి, ముందు జరిపే తలుపులు పెట్టిన టీవీ ఒకటి. అచ్చం పూజామందిరం. నా చెయ్యి దాని మీదికి దానంతట అదే వెళ్ళింది.

"ఇది ఈండి."

"అమ్మా, దీంట్లో ఆ యూహెచ్ఎఫ్ లేదు."

"తలుపులు ఉండాయి కదా."

"తలుపులకూ దానికీ ఏమి సంబంధం?"

"దుమ్ము పడదు. దీపం పెట్టే వేళకు మూసుకోవచ్చు."

అతను మా ఆయన వైపు చూశాడు. మా ఆయన నా చెయ్యి వైపు చూశారు. చెయ్యి గెలిచింది.

ఇక అడాప్టర్లు. ఒక్కొక్క దాని పిన్నూ యంత్రం వెనకున్న రంధ్రంలో పెట్టి చూశాను. ఒకటి వదులు, ఒకటి బిగువు. ఒకటి మాత్రం టిఫిన్ డబ్బా మూతలాగా టక్కున కూర్చుంది.

"కొంచెం నిదానించండమ్మా," అన్నాడు అంగడాయన. "కొన్నింటికి పిన్ను లోపల ప్లస్సు, కొన్నింటికి మైనస్సు. ఈ పెట్టెకు ఏదని చూడాల."

"దూరింది కదన్నా."

"దూరేది వేరే, కుదిరేది వేరే."

"మా అంగడిలో రెండూ ఒకటే," అన్నాను. ఇంతటి జ్ఞానం ఇచ్చినందుకు బస్సులో దేవుడికి దండం కూడా పెట్టుకున్నాను.

విజయదశమి వచ్చింది. యంత్రానికి చందనం, కుంకుమ. బావగారికి కుర్చీ. వాకిట్లో వీధి జనం. కర్పూరం వెలిగించి నా చేతితోనే స్విచ్ వేయించారు. టీవీ తలుపులు జరిపితే లోపల తెల్లటి చుక్కలు, పెనం మీద నీళ్ళు చిలకరించిన చప్పుడు. మా ఆయన టీవీ మర ఇటు తిప్పారు, అటు తిప్పారు. చుక్కలు చుక్కలుగానే ఉన్నాయి. ఇంతలో గదిలో ఏదో వాసన.

"సాంబ్రాణి ఎవరు వేసిరి? దివ్యంగా ఉండాది," అని అత్తగారు చేతులు జోడించారు.

సాంబ్రాణి ఎవరూ వేయలేదు. మా ఆయన యంత్రం మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసి, అడాప్టరు స్విచ్ ఆర్పి, నా చెవిలో అన్నారు. "పోయింది."

"ఎక్కడికి?"

"మొరప్పూరుకు. మనతో."

నా కళ్ళ ముందు మూటలు కదిలాయి. మా ఆయన, టీవీ అయినా బతికుందో లేదో చూద్దామని, కంప్యూటర్ తీగ పీకి, టీవీతో పాటు తెచ్చి మిద్దె మీద కట్టిన యాంటెన్నా తీగ తగిలించారు. బొమ్మ వచ్చింది. మద్రాసు నుండి రైతుల కార్యక్రమం. వేరుశనగ చేలో గొంగళి పురుగులు, వాటి ముందు మందు డబ్బా మోస్తూ ఒక మనిషి.

బావగారు కుర్చీ ముందుకు లాక్కుని, చచ్చిన యంత్రం మీద ఒక బొత్తం వత్తారు. సరిగ్గా అప్పుడే టీవీలో మనిషి మందు కొట్టాడు. పురుగులు రాలాయి. బావగారు మళ్ళీ వత్తారు. మళ్ళీ రాలాయి.

"ఏమిరా, నేను వత్తితేనే కదా వాడు కొడతా ఉండాడు?"

మా ఆయన నన్ను చూశారు. నేను దేవుడి పటాన్ని చూశాను. అబద్ధమాడటం నా వల్ల కాదు. అయితే నోరు మూసుకోవడం అబద్ధం కిందికి రాదని ఆ క్షణంలో తీర్మానించుకున్నాను.

బావగారు చేను చేనంతా శుభ్రం చేసిగాని లేవలేదు. "పెట్టె వెచ్చగా ఉండాది, బాగా పనిచేస్తా ఉండాది," అని దాన్ని తట్టారు. "మూటలు ఎంచను ఎవుడైనా దొరుకుతాడు. నువ్వు ఈడ్నే ఉండరా."

తరువాత మా ఆయన ఒక్కరే బెంగళూరు వెళ్ళి యంత్రాన్ని బాగుచేయించి, సరైన టీవీ, సరైన అడాప్టరు తెచ్చారు. కరెంటు తిరగబడి ఎక్కిందనీ, పెట్టె బతికి ఉన్నా ఆ తలుపుల టీవీలో బొమ్మ వచ్చేదే కాదనీ అక్కడ చెప్పారట. నా ఎంపికలో ఒక్కటీ వృథా పోలేదన్నమాట. దీపావళికి బావగారు మండీ స్నేహితులను వెంటబెట్టుకుని వచ్చారు. ఈసారి తెర మీద అసలైన ఆట: ఆకాశం, నక్షత్రాలు, దిగివచ్చే ఓడలు. బావగారు కాసేపు వత్తి, మొహం చిట్లించారు.

"పురుగులేవిరా?"

"ఇది వేరే ఆట అన్నా."

"ఈ తూరి జత ఎవరు ఏరిరి?"

"నేనే."

"అట్ల చెప్పు. నీకు ఏమీ తెలీదు. మళ్ళీ కోమలనే సేలంకు పంపు."

ఆ సాయంత్రమే దేవుడి ముందు దీపం వెలిగించి ప్రమాణం చేశాను: ప్లస్సూ మైనస్సూ ఉన్న ఏ వస్తువుకూ ఈ జన్మలో జత ఏరను. ఇప్పటికీ మా ఇంట టార్చిలైటులో బ్యాటరీలు మా ఆయనే వేస్తారు. ఆయన ఊళ్ళో లేనప్పుడు కరెంటు పోతే, దేవుణ్ణి తలచుకుంటూ చీకట్లోనే కూర్చుంటాను.